కొత్తవారి ప్రశ్నలు, పాతవారి జవాబులు: టెలిస్కోపు దగ్గర కొన్ని సాయంత్రాలు



మీ ఊళ్ళోనో, మీ కళాశాల మైదానంలోనో ఎప్పుడైనా ఆకాశ పరిశీలన కార్యక్రమం జరిగిందా? జరిగితే మీరు గమనించే ఉంటారు. మైదానం మధ్యలో ముక్కాలి పీట మీద ఒక టెలిస్కోపు, దాని ముందు పొడవాటి వరుస. ఒక్కొక్కరూ వచ్చి, ఒక కన్ను మూసి, రెండో కన్ను గొట్టానికి ఆనించి చంద్రుణ్ణి చూస్తారు. చూసి తల ఎత్తగానే చాలామంది అడిగే ప్రశ్న ఇది: "ఇది నిజంగా చంద్రుడేనా సార్? లోపల బొమ్మ ఏమైనా అతికించారా?"

నవ్వు వస్తోంది కదూ! టెలిస్కోపు పక్కన నిలబడ్డ మనిషికి కూడా మొదటిసారి నవ్వే వస్తుంది. ఇరవయ్యోసారి విసుగు వస్తుంది. నూరోసారి జవాబు చెప్పడమే మానేస్తాడు. నక్షత్ర పరిశీలనను వ్యాపకంగా పెట్టుకొని కొన్నేళ్ళుగా ఇలాంటి వరుసల పక్కన నిలబడుతున్న వాళ్ళలో నేనూ ఒకణ్ణి. కొత్తగా వచ్చినవారు అడిగిన ప్రశ్నలనే అడుగుతుంటే పాతవారు ఏం చేయాలన్నదే ఈ పాఠం. ఖగోళశాస్త్రం కూడా ఇందులో కొంత ఉంటుంది. ఎందుకంటే ఆ ప్రశ్నలకు సరైన జవాబులన్నీ అక్కడే ఉన్నాయి.

మొదట ఆ బొమ్మ సంగతి చూద్దాం. "కాదు, నిజమే" అని చెబితే ఎవరూ నమ్మరు. నమ్మవలసిన అవసరమూ లేదు. దీనికి నోటితో చెప్పే జవాబు కంటే చేసి చూపే జవాబు మేలు. టెలిస్కోపును ముట్టుకోకుండా అలాగే వదిలేసి, "ఒక్క నిమిషం చూస్తూ ఉండండి" అనాలి. భూమి తన చుట్టూ తాను గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుతుంది. అంటే నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ. చంద్రబింబం వెడల్పు అర డిగ్రీ మాత్రమే. అందువల్ల చూస్తుండగానే చంద్రుడు ఒక పక్కకు జారిపోతూ రెండు మూడు నిమిషాల్లో కంటి ముందు నుంచి తప్పుకుంటాడు. అతికించిన బొమ్మ జారదు కదా! అడిగిన అబ్బాయికి అనుమానం తీరుతుంది, భూభ్రమణాన్ని కంటితో చూసినట్టూ అవుతుంది. ఆ ప్రశ్న తెలివితక్కువదని నవ్విన రోజుల్లో నాకీ ఉపాయం తట్టలేదు. ప్రశ్నను ప్రశ్నగా తీసుకొన్నాక తట్టింది.

రెండో ప్రశ్న, "ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది?" దీని మీద కాస్త ఆగుదాం. బజారులో అమ్మే చిన్న టెలిస్కోపుల డబ్బాల మీద "675 రెట్లు" వంటి అంకెలు పెద్ద అక్షరాలతో అచ్చువేసి ఉంటాయి. కొనేవారు ఆ అంకెనే చూస్తారు. అందుకే అందరూ అదే అడుగుతారు. తప్పు అడిగేవారిది కాదు, డబ్బాది.

లెక్క చాలా సులభం. వస్తుకటకం లేదా దర్పణం నాభ్యంతరాన్ని అక్షికటకం నాభ్యంతరంతో భాగిస్తే ఎన్ని రెట్లో తెలుస్తుంది. 114 మిల్లీమీటర్ల దర్పణం, 900 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న టెలిస్కోపు తీసుకోండి. దానికి 25 మిల్లీమీటర్ల అక్షికటకం పెడితే 36 రెట్లు, 10 మిల్లీమీటర్లది పెడితే 90 రెట్లు. ఇంకా చిన్న అక్షికటకం పెడుతూ పోతే అంకె పెరుగుతూనే ఉంటుంది. కాని బింబం పెద్దదయ్యే కొద్దీ అదే కాంతి ఎక్కువ మేర పరచుకోవాలి. రెట్లు రెండింతలైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. ఒక స్థాయి దాటాక మసక తప్ప మరేమీ కనిపించదు. దర్పణం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో, దానికి రెండింతలు దాటి పెంచితే లాభం లేదని పరిశీలకులు చెప్పుకొనే మోటు లెక్క. నిజంగా అడగవలసింది "ఎంత కాంతి పోగుచేస్తుంది?" అని. చీకట్లో మన కంటిపాప ఎంత విప్పారినా ఏడు మిల్లీమీటర్లు. ఆ 114 మిల్లీమీటర్ల దర్పణం కంటికంటే సుమారు 265 రెట్లు ఎక్కువ కాంతిని పట్టి తెస్తుంది.

ఇదంతా నిజమే. కాని వరుసలో నిలబడ్డ ఎనిమిదో తరగతి పిల్లవాడికి ఇదంతా చెప్పాలా? నా అనుభవంలో అక్కర్లేదు. "ఇప్పుడు 36 రెట్లు, ఇదిగో శనిగ్రహం వలయం చూడు" అని చూపించి, "90 రెట్లు చేస్తాను, వెలుగు ఏమైందో నువ్వే చెప్పు" అని కటకం మార్చాలి. వాడే చెబుతాడు, "మసగ్గా ఉంది సార్" అని. తక్కిన లెక్క వాడు వచ్చే నెల అడుగుతాడు, అడక్కపోయినా ఫరవాలేదు. తెలిసినవారికి ఉండే పెద్ద జబ్బు ఏమిటంటే, తమకు తెలియని కాలం ఎలా ఉండేదో మరచిపోవడం. అందుకే ఒక్క మాట చెప్పవలసిన చోట పది చెబుతారు, పది చెప్పవలసిన చోట "అది అందరికీ తెలిసిందే" అంటారు.

"చంద్రుడి మీద అమెరికావాళ్ళు పాతిన జెండా కనిపిస్తుందా?" అన్నది మరో ప్రశ్న. దీన్ని అడిగేవారిలో రెండు రకాలవారు ఉంటారు. ఒకరికి నిజంగా చూడాలని ఉంటుంది. మరొకరు మనుషులు అసలు చంద్రుడి మీదికి వెళ్ళలేదని ఎక్కడో విని, మనల్ని పరీక్షించడానికి అడుగుతారు. ఇద్దరికీ ఒకటే జవాబు చెప్పవచ్చు, అంకెలతో. జెండా వెడల్పు ఒకటిన్నర మీటరు. చంద్రుడు ఉన్నది సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరంలో. ఏ టెలిస్కోపుకైనా పృథక్కరణ సామర్థ్యం దాని దర్పణం వ్యాసాన్ని బట్టి ఉంటుంది. అంతరిక్షంలో ఉన్న హబుల్ టెలిస్కోపు దర్పణం 2.4 మీటర్లు. అది కూడా చంద్రుడి మీద సుమారు 90 మీటర్లకు తక్కువైన వస్తువును విడిగా చూపలేదు. జెండాను ఒక చుక్కగానైనా గుర్తించాలంటే దాదాపు 170 మీటర్ల దర్పణం కావాలి. చిలీ దేశంలో కడుతున్న అతి పెద్ద టెలిస్కోపు దర్పణమే 39 మీటర్లు! మరి దగ్గరికి వెళ్ళి చూస్తే? 2009లో బయలుదేరిన అమెరికా కక్ష్యానౌక చంద్రుడి చుట్టూ తక్కువ ఎత్తులో తిరుగుతూ, మనుషులు దిగిన చోట్లను, అక్కడ వదిలి వచ్చిన వాహన భాగాలను ఫోటోలు తీసింది. మన చంద్రయాన్-2 కక్ష్యానౌక కూడా అపోలో-11 దిగిన చోటును ఫోటో తీసింది. పరీక్షించడానికి వచ్చినవారితో వాదన పెట్టుకోనక్కరలేదు. ఈ భాగహారం చేసి చూపితే చాలు.

రంగుల ప్రశ్నకు జవాబు ఇంకా చిన్నది. పుస్తకాల్లో ఎర్రగా, నీలంగా వెలిగే మృగశిర ప్రాంతంలోని ఓరియన్ నీహారిక టెలిస్కోపులో బూడిదరంగు పొగలా కనిపిస్తుంది. మసక వెలుతురులో మన కంటిలో దండ కణాలు మాత్రమే పనిచేస్తాయి, వాటికి రంగు తెలియదు. కెమెరా నిమిషాల తరబడి కాంతిని పోగుచేసుకొంటుంది, కన్ను చేసుకోలేదు. ఇది చూపించే ముందే చెప్పడం మంచిది. చూసి నిరాశపడ్డాక చెబితే సాకులా ఉంటుంది.

ఇక మన ప్రాంతంలోనే ఎక్కువగా వినిపించే ప్రశ్న ఒకటి ఉంది. ఒకసారి వరుసలో ఒక పెద్దావిడ వంతు వచ్చింది. చంద్రుణ్ణి చూడమంటే ఆమె చూడలేదు. "నాది రోహిణీ నక్షత్రం నాయనా, చూపిస్తావా?" అని అడిగింది. నా పక్కనున్న కుర్రవాడు "ఇది జ్యోతిషం కాదండీ, ఖగోళశాస్త్రం" అని మొదలుపెట్టబోయాడు. పాతవారు చాలామంది చెప్పే జవాబు అదే. నేను అతని చెయ్యి పట్టుకొని ఆపాను. ఆవిడ జాతకం చెప్పమని అడగలేదు. నక్షత్రం చూపమని అడిగింది. రోహిణి నిజంగా ఆకాశంలో ఉన్న చుక్క. ఖగోళశాస్త్రజ్ఞులు దాన్ని ఆల్డెబరాన్ అంటారు. వృషభరాశిలో, కృత్తికలకు కాస్త తూర్పున, ఎర్రగా మెరుస్తుంది. చంద్రుడు 27 రోజుల చిల్లరలో ఆకాశాన్ని ఒకసారి చుట్టివస్తాడు. రోజుకొక నక్షత్రం చొప్పున 27 మజిలీలు మన పూర్వులు గుర్తుపెట్టుకొన్నారు. పుట్టిన రోజున చంద్రుడు ఏ మజిలీలో ఉన్నాడో అదే జన్మనక్షత్రం. ఇంతవరకు అంతా పరిశీలనే.

రోహిణిని చూపించాను. "ఎంత దూరం?" అంది. సుమారు 65 కాంతి సంవత్సరాలు. అంటే ఇవాళ మన కంటికి చేరుతున్న కాంతి అక్కడ బయలుదేరి 65 ఏళ్ళయింది. అమ్మా, మీ వయసెంత అని అడిగాను. అరవై ఆరో, అరవై ఏడో అంది. "అయితే మీరు చంటిబిడ్డగా ఉన్నప్పుడు బయలుదేరిన వెలుగు ఇప్పుడు మీ కంట్లో పడుతోంది" అన్నాను. ఆవిడ మళ్ళీ వంగి చూసింది. వెనకాల వరుస ఎంతసేపు ఆగిందో నాకు గుర్తులేదు.

కొత్తవారికి ఎలా చెప్పాలన్న విషయంలో మన సంప్రదాయంలోనే ఒక మంచి పద్ధతి ఉంది. పెళ్ళిలో అరుంధతీ నక్షత్రాన్ని చూపించడం మీరు చూసే ఉంటారు. (మిట్టమధ్యాహ్నం ముహూర్తమైనా, కార్తీక మాసపు సాయంత్రం సప్తర్షులు క్షితిజం కింద ఉన్నా, పురోహితుడు వేలెత్తి చూపుతాడు, వధూవరులు కనిపించిందని తల ఊపుతారు. ఆ సంగతి అలా ఉంచండి.) అరుంధతి చిన్న చుక్క. దాన్ని సూటిగా చూపితే ఎవరికీ దొరకదు. అందుకని మొదట సప్తర్షి మండలం తోక మధ్యలో ఉన్న పెద్ద చుక్కను, అంటే వసిష్ఠుణ్ణి చూపిస్తారు. చూపు అక్కడ కుదురుకొన్నాక, దాని పక్కనే ఉన్న చిన్నదాన్ని చూడమంటారు. దీన్నే స్థూలారుంధతీ న్యాయం అన్నారు. తెలిసిన పెద్దదాని మీదుగా తెలియని చిన్నదాని దగ్గరికి తీసుకువెళ్ళడమన్నమాట. టెలిస్కోపు పట్టుకొన్న ప్రతివాడూ ఇవాళ్టికీ ఆకాశంలో దారి వెతుక్కొనేది ఈ పద్ధతిలోనే. వసిష్ఠుడి మీదికి చిన్న టెలిస్కోపు తిప్పితే మరో సంగతి బయటపడుతుంది. అది ఒక చుక్క కాదు, పక్కపక్కనే రెండు. గెలీలియో, ఆయన శిష్యుడు కాస్టెల్లీ 1617లోనే దీన్ని గమనించారు. చిన్నదాన్ని చూపడానికి ఆనవాలుగా పెట్టుకొన్న పెద్ద చుక్కలోనే మరో జంట దాగి ఉందన్నమాట!

రోహిణి అడిగిన ఆవిడ ప్రశ్న అలాంటి పెద్ద చుక్కే. అక్కణ్ణుంచి మొదలుపెట్టవచ్చు. అక్కడ నిలబడిన మనిషిని మన దగ్గరికి రమ్మంటే రాదు, మనమే అక్కడికి వెళ్ళాలి.

ఈ పనిని జీవితకాలం చేసిన మనిషి ఒకరున్నారు. జాన్ డాబ్సన్ 1915లో చైనాలో పుట్టాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని వేదాంత ఆశ్రమంలో 23 ఏళ్ళు సన్యాసిగా ఉండి, 1967లో బయటికి వచ్చాడు. చేతికి దొరికిన గాజు పలకలు, అట్ట గొట్టాలు, ప్లైవుడ్‌తో పెద్ద టెలిస్కోపులు చేసి, వాటిని రోడ్డు పక్క కాలిబాట మీదికి తెచ్చి, దారిన పోయేవారిని పిలిచి చూపించేవాడు. 1968లో ఆయనతో కలిసి కొందరు ఒక సంఘంగా ఏర్పడ్డారు. 2014లో, 98వ ఏట, చనిపోయేవరకు అదే పని. దారిన పోయేవాడు ఎప్పుడూ కొత్తవాడే, వాడు అడిగేది ఎప్పుడూ పాత ప్రశ్నే. దాదాపు అర్ధశతాబ్దం పాటు డాబ్సన్ విన్నవి ఆ కొద్ది ప్రశ్నలేనని అనుకొంటే, ప్రశ్న పాతబడేది జవాబు చెప్పేవాడికే తప్ప అడిగేవాడికి కాదన్న సంగతి అర్థమవుతుంది.

మన తెలుగునాట కూడా ఇలాంటి గొలుసు ఒకటి ఉంది. విశాఖపట్నానికి చెందిన జమీందారు గోడే వెంకట జగ్గారావు మద్రాసు వెళ్ళి, అక్కడి వేధశాల అధికారి టేలర్ దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకొన్నాడు. తిరిగి వచ్చి 1840లో సొంత ఖర్చుతో విశాఖలో వేధశాల పెట్టాడు. ఆయన తరవాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపాడు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటిన దృశ్యాన్ని అక్కణ్ణుంచి పరిశీలించాడు. మద్రాసులో ఒకరు ఓపికగా నేర్పడం వల్ల విశాఖలో ఒక కిటికీ తెరుచుకొంది.

అన్ని ప్రశ్నలకూ వెంటనే జవాబు చెప్పాలని నేననడం లేదు. "ఏ టెలిస్కోపు కొనాలి?" అన్నదానికి చెప్పకూడదు. దీన్ని ఇద్దరు అనుభవజ్ఞుల ముందు అడిగి చూడండి. ఒకరు కటకాల టెలిస్కోపు మేలంటారు, ఇంకొకరు దర్పణాలదే మేలంటారు. వాళ్ళిద్దరూ వాదించుకొంటుండగా అడిగినవాడు మెల్లగా జారుకొంటాడు. ఈ ప్రశ్నకు తిరుగు ప్రశ్నలే జవాబు. మీ ఇల్లు ఎక్కడ? మేడ మీదికి మోసుకెళ్ళేది ఎవరు? సప్తర్షులను, వేగుచుక్కను టెలిస్కోపు లేకుండా గుర్తుపట్టగలరా? లేదంటే, ముందు ఒక ఏడాది కంటితోనూ, వీలైతే 7×50 లేదా 10×50 బైనాక్యులర్‌తోనూ ఆకాశం చూడమని చెబుతాను. ఆ ఏడాది గడిచాక వచ్చేవారు అడిగే ప్రశ్న వేరుగా ఉంటుంది.

ప్రశ్నలన్నిటికీ జవాబులు రాసి ఒక బోర్డు పెట్టేస్తే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. ఈ ఆలోచన కొత్తది కాదు. "తరచుగా అడిగే ప్రశ్నలు" అనే పట్టికలు ఇవాళ ప్రతిచోటా కనిపిస్తాయి కదా, వాటి తొలి రూపాల్లో ఒకటి పుట్టింది అంతరిక్షం మీద ఆసక్తి ఉన్నవారి మధ్యనే. 1980ల తొలినాళ్ళలో అమెరికాలో కంప్యూటర్ల ద్వారా ఉత్తరాలు రాసుకొనే అంతరిక్షాభిమానుల బృందానికి, నాసాలో పనిచేసే యూజీన్ మియా ఇలాంటి పట్టికను తయారుచేశాడు. పట్టిక మంచిదే. కాని అది జవాబు చెప్పేవాడి శ్రమను తగ్గించడానికి పుట్టింది. అడిగేవాడికి అది చేరిందో లేదో చూసే బాధ్యతను తగ్గించదు. ఈ సంగతి నాకు ఒక గ్రహణం రోజున తెలిసింది.

2019 డిసెంబరు 26. కేరళ, తమిళనాడుల్లో వలయాకార సూర్యగ్రహణం, మనకు పాక్షికం. ఒక చిన్న ఊళ్ళో పాఠశాల మైదానంలో మేము ఏర్పాట్లు చేశాం. ఉదయం ఎనిమిది నుంచి పిల్లలు వస్తూనే ఉన్నారు. ప్రత్యేకమైన గ్రహణపు కళ్ళద్దాలు కొన్నే ఉన్నాయి. అందుకని ప్రతివాడూ అడిగేది ఒకటే: "ఎక్స్‌రే ఫిల్ముతో చూడొచ్చా సార్?" చూడకూడదు. ఫిల్ములో సూర్యుడు మసగ్గా కనిపిస్తాడు కాబట్టి ప్రమాదం లేదనుకొంటాం. కాని కంటికి కనిపించని పరారుణ కిరణాలు దానిగుండా వచ్చేస్తాయి. వెలుతురు తక్కువ కదా అని కన్ను తేలిగ్గా చూస్తూనే ఉంటుంది. రెటీనాకు నొప్పి తెలియదు. లోపల కాలినా అప్పుడు ఏమీ అనిపించదు, కొన్ని గంటల తరవాత చూపు మధ్యలో మచ్చ కనిపిస్తుంది. ఇదంతా ఆ ఉదయం నలభై సార్లయినా చెప్పి ఉంటాను. ఆ తరవాత వచ్చిన ఐదో తరగతి పిల్లవాడితో, "అదుగో బోర్డు మీద రాసి ఉంది, చదువుకో" అన్నాను.

బోర్డు ఇంగ్లీషులో ఉంది.

మాతో వచ్చిన ఒక విశ్రాంత లెక్కల మాస్టారు, కొంతసేపటికి ఆ పిల్లవాణ్ణి కానుగ చెట్టు దగ్గర చూశారు. వాడి చేతిలో వాళ్ళ నాయనమ్మ ఎక్స్‌రే ఫిల్ము, చుట్టూ మరో నలుగురు, వంతులు వేసుకొంటున్నారు. అప్పుడే మొదలైంది. మాస్టారు దాన్ని లాక్కొని తిట్టలేదు. "పైకెందుకురా, కింద చూడండి" అన్నారు. చెట్టు నీడలో, నేల మీద వందల కొద్దీ చిన్న చిన్న నెలవంకలు! ఆకుల మధ్య ఉన్న ప్రతి సందూ ఒక సూదిబెజ్జం కెమెరాలా పనిచేసి, కరిగిపోతున్న సూర్యుడి బింబాన్ని నేల మీద వేస్తోంది. మిగిలిన గంటన్నరా ఆ పిల్లలు సూర్యుడి వైపు తలెత్తి చూడలేదు. ఒకడు తన పలక మీద నెలవంకలను పట్టుకొని సుద్దముక్కతో గీత గీశాడు.

వాళ్ళ కళ్ళకు ఏమీ కాలేదు. కాని నలభై ఒకటో పిల్లవాడికి నేను ఇచ్చిన జవాబు నన్ను చాలా రోజులు వదల్లేదు. మొదటి నలభై మందికీ సరిగ్గా చెప్పడం ఆ ఒక్కడి కంటికి అడ్డుపడదు కదా!

ఇప్పుడు మా బృందం కొన్ని మార్పులు చేసుకొంది. బోర్డు తెలుగులో ఉంటుంది, దాని పక్కన ఒక మనిషి ఉంటాడు. ఒక గంటకు మించి ఎవరూ వరుస పక్కన నిలబడరు. విసుగు గుణం కాదు, అలసట. మనిషిని మారిస్తే పోతుంది. కొత్తవారికి జవాబు చెప్పే పని పోయిన నెలలో చేరినవారికే ఇస్తాం. తమకు ఏది అర్థం కాలేదో వారికి ఇంకా గుర్తుంటుంది కాబట్టి. తప్పు చెబితే పక్కనున్నవారు సరిదిద్దుతారు, అదీ వరుస ముందు కాదు, తరవాత. ఈమధ్య ఈ ప్రశ్నలు ఫోన్లలోని బృందాల్లోకి కూడా వచ్చాయి. అక్కడ "వెతుక్కోండి, దొరుకుతుంది" అని ఒక్క ముక్కలో కొట్టిపారేసేవారు ఎక్కువ. ఏమని వెతకాలో తెలిసినవాడు అసలు అడగడు.

మరొకటి, టెలిస్కోపు పక్కన ఒక నోటుపుస్తకం పెట్టాం. ఎవరు ఏం అడిగినా వారి మాటల్లోనే రాసుకొంటాం. ఒకే ప్రశ్న ఒక సాయంత్రం పదిసార్లు వస్తే, మేము చూపించే తీరులో ఎక్కడో లోపం ఉందని అర్థం. చంద్రుడు తలకిందులుగా ఎందుకున్నాడని అందరూ అడుగుతుంటే, టెలిస్కోపు పక్కన ఒక భూతద్దం, ఒక తెల్ల కాగితం పెట్టాం. ఎదుటి దీపం కాగితం మీద తలకిందులుగా పడడం వాళ్ళే చూసుకొంటున్నారు. ఆ ప్రశ్న పుస్తకంలో తగ్గింది. మీ కళాశాలలో మీరు నడిపే సంఘం ఏదైనా సరే, స్టాంపులు సేకరించేవారిదైనా, చదరంగం ఆడేవారిదైనా, ఒక నెలపాటు ఇలాంటి పుస్తకం పెట్టి చూడండి. మా పుస్తకంలో నిన్నటి పేజీలో మొదటి ప్రశ్న మళ్ళీ ఆ బొమ్మ సంగతే. రాసుకొన్న అమ్మాయి పక్కనే ఇలా చేర్చింది: "రెండు నిమిషాలు చూడమన్నాను. చంద్రుడు వెళ్ళిపోయాక ఇంకోసారి చూపించమని అడిగాడు."